జంటగా ఆడుతున్నప్పుడు ఇద్దరికీ కలిగేది ఒకే అనుభవమా?

ప్రశ్న: తరంగిణి_బెర్లిన్

నమస్కారం. నేను విజయవాడలో చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నాను. ఉద్యోగం వల్ల బెర్లిన్‌కు వచ్చిన తరువాత అర్జెంటీనా జంట నాట్యమైన టాంగోను నేర్పే ఇక్కడి తరగతుల్లో చేరాను. అర్జెంటీనా వెలుపల టాంగో ఎక్కువగా ఆడే నగరాల్లో బెర్లిన్ ఒకటి కాబట్టి, వారంలో ఏ సాయంత్రమైనా ఎక్కడో ఒకచోట మిలోంగా, అంటే టాంగో ఆడుకునే కూడిక, జరుగుతూనే ఉంటుంది.

కూచిపూడిలో ఇద్దరు కలిసి ఆడేటప్పుడు జతులు, చరణాలు, ఎవరు ఏ వైపు తిరిగి ఏ భంగిమలో నిలవాలన్నది, సర్వం ముందే కూర్చి ఉంటుంది. నట్టువాంగం చేసే గురువుగారి తాళాలు ఇద్దరికీ సమానంగా వినబడుతుంటాయి. శివపార్వతులుగా ఆడుతున్నప్పుడు నా తోటి నర్తకి కళ్ళలోకి నేను చూసే చూపు అభినయం కోసమే కాని, ఆమె తరువాతి అడుగు ఎటు వేస్తుందో తెలుసుకోవడం కోసం కాదు. అది నాకు ముందే తెలుసు. టాంగోలో ముందే కూర్చినది ఏదీ లేదు. నడిపించేవారు ఒకరు, అనుసరించేవారు ఒకరు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలిచే కౌగిలిని అబ్రాసో అంటారు. పాట మొదలయ్యాక ఏ అడుగు పడుతుందో నడిపించేవారికే పూర్తిగా తెలియదు, ఎందుకంటే ముందున్న జంట ఆగితే తామూ ఆగవలసిందే. అయినా, పరిచయం లేని మనిషితో సైతం, పాట సగానికి వచ్చేసరికి ఇద్దరం ఒకే ఊపిరితో కదులుతున్నామనిపించే సందర్భాలు వస్తున్నాయి.

నా సందేహం ఆ ‘అనిపించడం’ గురించే. ఈ మధ్య సాధనలో నాతో తరచుగా ఆడే మిత్రుణ్ణి, కార్లోస్ దీ సార్లీ వాద్యబృందం పాటలు ముగిసిన వెంటనే, ఆ కాసేపట్లో నీ మనసులో ఏమున్నదని అడిగాను. ముందరి జంటకూ మాకూ మధ్య ఎంత ఖాళీ ఉన్నదో, నా బరువు ఏ కాలిమీద ఉన్నదో, తన దృష్టంతా వాటిమీదే ఉన్నదని అతడు చెప్పాడు. నేనేమో కళ్ళు మూసుకుని వయొలిన్లు వింటున్నాను. గది ఒకటున్నదన్న స్పృహ కూడా నాకు లేదు. అయితే ఒకచోట పాట సన్నగిల్లినప్పుడు ఇద్దరం కదలకుండా నిలిచిపోయిన క్షణాన్ని మాత్రం, ఎవరూ ఎవరికీ గుర్తు చేయకుండానే, ఇద్దరమూ ప్రస్తావించాం.

మిగిలినదంతా వేరువేరుగా ఉండి, అదొక్కటే ఉమ్మడిగా ఎలా మిగిలింది? జంటగా ఆడేవారు నిజంగా పంచుకునేది ఏమిటి? ఇది దేహానికి సంబంధించిన విషయమా, లేక సంగీతం ఇద్దరిలోనూ విడివిడిగా కలిగించే భావాన్ని మనమే ఒకటిగా భ్రమిస్తున్నామా? టాంగో తెలిసినవారే కాకుండా కోలాటం, అరకు వైపు ఆడే ధింసా వంటివి ఆడినవారు కూడా చెబితే సంతోషిస్తాను. ‘ఆత్మల కలయిక’ వంటి మాటలు ఇక్కడి తరగతుల్లో కావలసినన్ని విన్నాను. దయచేసి అవి వద్దు.

సమాధానం: ప్లాతా_తీరం

తరంగిణి గారూ, నేను ఉద్యోగరీత్యా అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో కొన్నేళ్ళు ఉండి అక్కడి మిలోంగాలలో ఆడినవాణ్ణి. నడిపించడమూ, అనుసరించడమూ రెండూ చేస్తాను. మీ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇది: ఇద్దరి అనుభవం ఒకటి కాదు, ఒకటి కావలసిన అవసరమూ లేదు. ఒకరి అనుభవంలో రెండవవారు ఎంతమేరకు ఉన్నారన్నదే చూడవలసిన సంగతి.

ఒక్క అడుగు ఎలా పడుతుందో నెమ్మదిగా గమనించండి. నడిపించేవాడు కాలు కదపడానికి ముందే అతడి ఛాతీ కొద్దిగా ముందుకు వస్తుంది, లేదా వెన్నులో చిన్న మలుపు పుడుతుంది. చేతులతో తోయడం, లాగడం కొత్తవారు చేసే పని. ఛాతీలో పుట్టిన ఆ కదలిక కౌగిలి గుండా ఆమెకు అందుతుంది. ఆమె నిలబడిన కాలిమీద నుంచి బయలుదేరుతుంది. బరువు లేని కాలు వెనక్కు సాగుతుంది. ఇంతవరకు ప్రతి తరగతిలోనూ చెబుతారు. తక్కువగా చెప్పేది దీని తరువాతి భాగం. ఆమె పాదం నేలకు ఆని, ఒంటి బరువంతా దానిమీదకు చేరేవరకు అతడి అడుగు పూర్తి కాదు. ఆమె నిదానంగా చేరితే అతడూ నిదానించాలి. చేరుతూ చేరుతూ మధ్యలో ఆమె పాదంతో నేలమీద ఒక చిన్న అలంకారం గీస్తే, దానికి కావలసిన వ్యవధిని అతడు ఇవ్వాలి. అంటే, నేను నడిపిస్తున్నప్పుడు నా అడుగు ముగిసిందని నాకు చెప్పేది నా పాదం కాదు, ఆమె పాదం. మీ బరువు ఏ కాలిమీద ఉన్నదో గమనిస్తున్నానని మీ మిత్రుడు అన్న మాట మీకు పొడిగా, లెక్కలాగా వినిపించి ఉండవచ్చు. నాకైతే అతడి ధ్యాసంతా మీతోనే నిండి ఉన్నదని వినిపించింది. మీరు గదిని మరచిపోగలిగారంటే, గదిని గుర్తుంచుకునే బాధ్యత అతడు తీసుకున్నాడు గనుకనే.

అనుసరించడం కూడా ఊరకే వెంటపోవడం కాదు. నిలబడిన కాలిమీద సంపూర్ణంగా నిలిచి, రెండవ కాలిని ఏ వైపుకైనా వెళ్ళడానికి సిద్ధంగా ఉంచి, ఏ వైపుకూ ముందే వెళ్ళకుండా ఉండటం ఎంత కష్టమో ఆ పాత్ర ఆడినవారికే తెలుస్తుంది. కొంత అలవాటు పడినవారు తరువాతి అడుగును ఊహించి ముందే వేస్తారు. అది చాలాసార్లు సరైన అడుగే అవుతుంది, బయటివారికి లోపమేదీ కనబడదు, కాని కౌగిలిలో ఉన్నవాడికి సంభాషణ తెగిపోయినట్లు వెంటనే తెలిసిపోతుంది.

ఇక మీరు చెప్పిన, కదలకుండా నిలిచిన క్షణం. నడుస్తున్నంతసేపు ఇద్దరి పనులు వేరు: ఒకరు ముందుకు, ఒకరు వెనుకకు, ఒకరిది ప్రతిపాదన, ఒకరిది స్వీకారం. ఆగినప్పుడు మాత్రం ఇద్దరికీ ఒకే పని మిగులుతుంది, నిలబడి సంగీతం కోసం వేచి ఉండటం. తరువాతి అడుగు ఎటో అప్పుడు అతడికీ తెలియదు. అందువల్ల మామూలుగా ఎడంగా ఉండే రెండు అనుభవాలు అక్కడ దగ్గరపడతాయి. ఆ ఒక్క క్షణమే ఇద్దరికీ గుర్తుండటంలో నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఓస్వాల్దో పుగ్లియేసే వాద్యబృందం పాటల్లో లయ సాగిసాగి, దాదాపు నిలిచిపోయి, మళ్ళీ అందుకునే చోట్లు చాలా ఉంటాయి. వాటిని పెద్దగా పరిచయం లేనివారితో ఆడటానికి నేను వెనుకాడుతాను. ఆ ఖాళీల్లో దాక్కోవడానికి చోటుండదు. హువాన్ దారియెన్సో పాటలు ఇందుకు విరుద్ధం. తాళం బిగువుగా తరుముతూ ఉంటుంది, ఎవరితోనైనా హాయిగా ఆడవచ్చు, కాని ఆగిన చోట కలిగే ఎరుక అక్కడ తక్కువ.

మిలోంగా ఆచారాలు కూడా ఈ పంచుకోవడానికి అనువుగా రూపొందినవే. ఒకే వాద్యబృందానికి చెందిన మూడు నాలుగు పాటలను ఒక కట్టగా వేస్తారు. దాన్ని తాందా అంటారు. తరువాత కోర్తీనా అనే వేరే సంగీతం కొద్దిసేపు వినిపిస్తుంది, అప్పుడందరూ నేల ఖాళీ చేస్తారు. తాందా ముగిసేవరకు భాగస్వామిని మార్చరు. మొదటి పాటలో ఒకరి తూకం ఒకరికి అర్థమవుతుంది. రెండవ పాటలో ఎవరికి సంగీతంలో ఏది వినిపిస్తున్నదో తెలుస్తుంది. అసలు ఆట ఆ తరువాతే. అక్కడ ప్రతి పాట మొదలైనప్పుడూ జంటలు వెంటనే కదలకుండా కొంతసేపు కబుర్లు చెప్పుకుంటూ నిలబడతాయి. కొత్తగా వెళ్ళినప్పుడు ఇది నాకు కాలయాపనగా తోచేది.

19వ శతాబ్దం చివర ప్లాతా నదీముఖానికి ఇరువైపులా, బ్యూనస్ ఎయిర్స్‌లోనూ ఉరుగ్వేలోని మోంటెవీడియోలోనూ, ఐరోపా నుంచి వలస వచ్చినవారూ, ఆఫ్రికా మూలాలవారూ, స్థానికులూ కలిసి బతికిన పేటల్లో ఈ నాట్యం పుట్టింది. యునెస్కో 2009లో దీన్ని అర్జెంటీనా, ఉరుగ్వేల ఉమ్మడి వారసత్వంగా చేర్చుకున్నది కూడా అందుకే. మాట కలవని మనుషులు ముందుగా ఏమీ అనుకోకుండా కలిసి కదలవలసిన చోట పుట్టడం వల్లనే, చెప్పవలసినదంతా ఛాతీలోనూ పాదంలోనూ పెట్టే పద్ధతి ఇందులో ఇంతగా పెరిగిందని నేను అనుకుంటాను. ఇది నా అభిప్రాయం మాత్రమే. చరిత్రకారులు ఒప్పుకోవాలని లేదు.

సమాధానం: కీళ్ళూ_కండరాలూ

నేను హైదరాబాదులో ఫిజియోథెరపిస్టును, నాట్యం రాదు. ప్లాతా_తీరం గారు చెప్పిన దానికి దేహశాస్త్రం వైపు నుంచి కొంత చేర్చగలను.

స్పర్శ అంటే ఆసరా అని మనం సాధారణంగా అనుకుంటాం. 1994లో జాన్ జెకా, జేమ్స్ లాక్నర్ ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఒక పాదం వెనుక మరొక పాదం పెట్టి నిలబడినవారిని వేలికొనతో ఒక కడ్డీని తాకనిచ్చారు. ఆ ఒత్తిడి ఒక న్యూటన్‌కు, అంటే సుమారు 100 గ్రాముల బరువుకు, మించకుండా చూశారు. అంత తక్కువ ఒత్తిడి మనిషిని మోయలేదు. అయినా వారి శరీరం ఊగడం స్పష్టంగా తగ్గింది. వేలికొన చర్మం శరీరం ఎటు ఒరుగుతున్నదో ముందుగా తెలియజేస్తున్నది, కాలి కండరాలు దాన్నిబట్టి సర్దుకుంటున్నాయి. కడ్డీ స్థానంలో మరొక మనిషి ఉన్నప్పుడు జరిగేది ఇంకా ఆసక్తికరమైనది. తేలికగా తాకుతూ నిలబడిన ఇద్దరి ఊగు తగ్గడమే కాక, మిగిలిన ఆ కొద్ది ఊగు ఇద్దరిలోనూ ఒకదాన్నొకటి అనుసరిస్తుంది. ఎవరూ కావాలని చేయరు, చేస్తున్నట్లు తెలియదు కూడా. మీరు ‘కదలకుండా’ నిలబడ్డారని అన్నారు. శరీరం ఎప్పుడూ పూర్తిగా కదలకుండా ఉండదు. ఆ కౌగిలిలో మీరిద్దరూ ఒకరి ఊగును మరొకరు సర్దుతూ ఉండి ఉంటారు.

తాకకపోయినా ఇటువంటిది జరుగుతుంది. 1990లో రిచర్డ్ ష్మిట్, క్లాడియా కరెల్లో, మైకేల్ టర్వీ చేసిన ప్రయోగంలో ఇద్దరు మనుషులు కూర్చుని, ఒకరినొకరు చూసుకుంటూ కాలు ఊపారు. ఒకరి కాలు ముందుకు వెళ్ళినప్పుడు మరొకరిది వెనక్కు రావాలి. వేగం పెంచుతూ పోయినకొద్దీ ఆ ఎదురుబొదురు ఊపు చెదిరి, ఇద్దరి కాళ్ళూ ఒకే వైపు ఊగడంలో పడిపోయాయి. ఒకే మనిషి రెండు చూపుడువేళ్ళను అలా ఆడించినప్పుడు కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. అంటే ఒక దేహంలోని రెండు అవయవాలను కలిపే సూత్రం, నరాలు కలవని రెండు దేహాల మధ్య చూపు ఆధారంగా కూడా పనిచేస్తున్నది. ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు జంట రోకళ్ళతో దంచడం చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఒక రోకలి లేస్తే మరొకటి పడే ఆ వరుస చెదరకుండా ఉండటానికే దంపుడు పాట లయ ఒక హద్దులో నడుస్తుంది.

మరొక పరిశోధన మీ ప్రశ్నకు నేరుగా తగులుతుంది. బ్యాలేలో కొన్ని కదలికలు మగవారే చేస్తారు, కొన్ని ఆడవారే చేస్తారు. కాని కలిసి సాధన చేస్తారు కాబట్టి రెండింటినీ అందరూ ఏళ్ళ తరబడి చూస్తూనే ఉంటారు. బియాట్రిజ్ కాల్వో-మెరీనో బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, తాము స్వయంగా చేసే కదలికలను చూస్తున్నప్పుడు ఆ నర్తకుల మెదడులో కదలికకు సంబంధించిన భాగాలు, తాము చూడటమే తప్ప చేయని కదలికలప్పటి కంటే ఎక్కువగా స్పందించాయి. భాగస్వామిని ఎంతకాలం చూసినా, ఆ కదలిక మన ఒంట్లోకి రావాలంటే మనం చేసి ఉండాలన్నమాట. మెదడు చిత్రాన్ని చూసి అనుభవం ఇటువంటిదని చెప్పేయడం సరికాదని నాకు తెలుసు, అయినా మీరిద్దరూ పాత్రలు మార్చుకుని ఆడి చూడటానికి ఇది మంచి కారణమే.

సమాధానం: జడకోపు_మాష్టారు

అమ్మా, నేను భీమవరం దగ్గర పల్లెల్లో పిల్లలకూ పెద్దలకూ కోలాటం నేర్పుతుంటాను. మీ కౌగిళ్ళ నాట్యం నేను చూడలేదు. మా దాంట్లో మనిషికీ మనిషికీ మధ్య కోల మాత్రమే ఉంటుంది.

కోలాటంలో లోపలి వలయం, బయటి వలయం రెండుంటాయి. ఎదురుగా వచ్చినవారి కోలకు మన కోల తగిలించి, తిరిగి, తరువాతి మనిషికి ఎదురుపడతాం. ఈ అడుగుల కూర్పునే కోపు అంటాం. కాబట్టి ఒక పాటలో జంట అనేది ఒక్కటి కాదు, నిముషానికి నిముషం మారిపోతుంటుంది. ఎదుటివారి కోల తగిలిన తీరులోనే వారి సంగతి చేతికి తెలుస్తుంది. బిగబట్టి కొట్టేవారికి ఎదురైతే మన మణికట్టు కూడా బిగుస్తుంది. తడబడేవారు ఎదురైతే మనం ఒక రవ్వ ఆగి, కోలను వారికి అందేచోట ఉంచుతాం. దీన్ని నేను ఎవరికీ నోటితో నేర్పలేదు. కొంతకాలం ఆడినవారందరూ వారంతట వారే చేస్తున్నారు. కొత్తగా చేరిన ఆడవాళ్ళు ‘ఫలానా ఆమె ఎదురుపడితే నాకు తప్పు పోదండీ’ అంటుంటారు. ఆ ఫలానా ఆమె చేసేది ఇదే.

జడకోలాటం సంగతి వేరు. పైన కట్టిన తాళ్ళ కొసలు తలా ఒకటి పట్టుకుని, సగంమంది ఒక దిశలో, సగంమంది ఎదురు దిశలో, ఒకరి లోపలి నుంచి ఒకరి బయటి నుంచి తిరుగుతూ పోతే పైన జడ అల్లుకుంటుంది. ఎదురు నడకలో అదే కోపు తిరగవేస్తే జడ విడిపోతుంది. ఇక్కడ ఎవరి అనుభవం ఏమిటన్న ప్రశ్నకు జవాబు పైనే కనబడుతుంది. ఒక్కరు లోపల నుంచి వెళ్ళవలసినచోట బయట నుంచి వెళితే చిక్కు పడుతుంది, ఆ చిక్కు అందరి తాళ్ళలోకీ వస్తుంది. అల్లేటప్పుడు నడుస్తున్నంతసేపు తాడు ఒక తీరున బిగువుగా ఉండాలి. పక్కవారు వెనకబడితే నా తాడులో వదులు తెలుస్తుంది, నేను తల తిప్పి చూడనవసరం లేదు. అందరూ పాట పాడుతూనే ఉంటారు, అందరి చెవీ గురువు పిలుపు మీదే ఉంటుంది, అయినా ఎడమచేయి ఆ తాడు సంగతి పట్టించుకుంటూనే ఉంటుంది.

మీరు అడిగినట్లు ఇద్దరికీ ఒకే అనుభవమా అంటే, నేను కాదనే అంటాను. లోపలి వలయంలోని వారికి తిరుగుడు తొందర, బయటివారికి నడక ఎక్కువ. ఒకే కోపు లోపల ఆడినప్పుడు ఒకలాగా, బయట ఆడినప్పుడు ఇంకోలాగా ఉంటుంది.

సమాధానం: సందేహి

అందరూ ఒకే వైపు మొగ్గుతున్నారు కనుక ఎదురువాదన నేను వినిపిస్తాను. కలిసి కదిలినప్పుడు దగ్గరితనం కలుగుతుందన్నది నిజమే. దానికి కౌగిలి గాని, సూక్ష్మమైన సంభాషణ గాని అవసరం లేదు. బ్రాన్విన్ టార్, జాక్ లోనే, రాబిన్ డన్బార్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఎవరి చెవులకు వారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడారు. ఒకే తాళానికి ఒకే కదలికలు చేసినవారిలో నొప్పిని ఓర్చుకునే శక్తీ, తోటివారిపట్ల దగ్గరితనమూ పెరిగాయి. ఒంట్లో ఊరే నొప్పినివారక రసాయనాలు ఇందుకు కారణం కావచ్చునని వారి వివరణ. తరంగిణి గారికి కలిగిన ఏకత్వ భావంలో ఎంత భాగం ఇటువంటిదో, ఎంత భాగం ఆ ఫలానా భాగస్వామి వల్ల వచ్చిందో విడదీయడం తేలిక కాదు.

టాంగో మీదనే మరొక ఉదాహరణ ఉన్నది. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారికి టాంగో నేర్పి నడకనూ తూకాన్నీ పరీక్షించిన మడెలిన్ హాక్నీ, గ్యామన్ ఎర్హార్ట్, 2010లో జంటగా ఆడినవారినీ ఒంటరిగా ఆడినవారినీ పోల్చి చూశారు. శారీరకమైన మెరుగుదల రెండు గుంపుల్లోనూ కనిపించింది. జంటగా ఆడినవారిలో ప్రత్యేకంగా కనిపించింది ఆనందమూ, ఇంకా కొనసాగించాలన్న కోరికా. ఆనందాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. కాని భాగస్వామి వల్ల దేహానికి ఏదో అపూర్వమైన జ్ఞానం అందుతుందన్న మాటకు ఇది పెద్దగా బలమివ్వదు.

అన్నింటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది మరొకటి. నడిపించేవారికి ‘మేమిద్దరం ఒకటయ్యాం’ అనిపించినంతమాత్రాన, అనుసరించేవారికీ అలాగే ఉన్నదని ఎలా చెప్పగలరు? నేర్పున్న స్త్రీ, పట్టు బిగువుగా ఉన్నా, వీపు నొప్పి పెడుతున్నా, చిరునవ్వు చెదరకుండా అడుగులన్నీ సరిగ్గా వేయగలదు. ఆమె సర్దుకుపోవడం వల్ల కలిగిన సుఖాన్ని అతడు ఉమ్మడి అనుభవం అనుకుంటాడు. నా చెల్లెలు కొన్నాళ్ళు జంట నాట్యాలు నేర్చుకుని మానేసింది. ఆమె చెప్పిన కారణం ఇదే. కాబట్టి ‘పంచుకోవడం’ అనే మాట వాడే ముందు, ఎవరిని అడిగి చెబుతున్నారో చూడాలి. తరంగిణి గారు అడిగారు, అది మెచ్చుకోదగిన విషయం, చాలామంది అడగరు.

సమాధానం: ప్లాతా_తీరం

సందేహి గారి చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అలా పొరబడే నడిపించేవారు ప్రతి మిలోంగాలోనూ ఉంటారు, తమకు ఎంతో బాగా కుదిరిందని ఎక్కువగా చెప్పుకునేదీ వారే. అందుకే అక్కడ ఆటకు పిలవడం చేతితోనో మాటతోనో జరగదు. దూరం నుంచి చూపు కలిపి తల చిన్నగా ఊపడం ద్వారా జరుగుతుంది. ఇష్టం లేనివారు చూపు కలపరు, ఎవరికీ చిన్నతనం ఉండదు. తాందా మధ్యలో ‘గ్రాసియాస్’ అంటే కృతజ్ఞత చెప్పినట్లు కాదు, ఇక చాలునని అర్థం. మర్యాద తెలిసినవారెవరూ కారణం అడగరు.

మొదటి రెండు పేరాల్లోని వాదన మాత్రం నాకు సగమే నచ్చింది. ఒకే కదలిక అందరూ చేసినప్పుడు వచ్చే దగ్గరితనం వేరు, ఇద్దరూ వేరువేరు కదలికలు చేస్తూ ఒకరికొకరు సరిపోవడం వేరు. ఈ రెండవది నేర్చుకోవడానికి 1940ల నాటి బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక మంచి పద్ధతి ఉండేదని ఆ తరం నర్తకులు చెప్పుకొచ్చారు. మగవారే కూడి సాధన చేసుకునే చోట్లలో కొత్తగా వచ్చిన కుర్రవాడికి మొదట అనుసరించడమే నేర్పేవారు. అందులో కుదురుకున్న తరువాతే నడిపించనిచ్చేవారు. ఏ పట్టు నొప్పి పెడుతుందో, ఏ ఛాతీ కదలిక అర్థం కాదో తన ఒంటితో తెలుసుకున్నవాడు, సందేహి గారు చెప్పిన రకం మనిషి కావడం కష్టం. ఇప్పటి తరగతుల్లో మొదటి రోజునే మగవారిని ఒక వరుసలో, ఆడవారిని ఎదురు వరుసలో నిలబెట్టేయడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

సమాధానం: అరకు_దారి

మాది అరకు దగ్గర. అందరూ జంట గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఒక్క మాట. ధింసాలో ఆడవాళ్ళం వరుసగా నిలబడి, ఒకరి వీపు వెనుక నుంచి మరొకరం చేతులు వేసి పట్టుకుంటాం. డప్పు, తుడుము, మోరి వాయిస్తుంటే వరుస మొత్తం వంగుతుంది, లేస్తుంది, చుట్టు తిరుగుతుంది. పక్కామె అడుగు వేయబోతున్నదని ఆమె నడుము దగ్గరే నా చేతికి తెలుస్తుంది, పాదం లేచేదాకా ఆగనక్కరలేదు. అటుపక్క చేతిలో ఒకరి సంగతి, ఇటుపక్క చేతిలో మరొకరి సంగతి ఒకేసారి తెలుస్తుంటాయి. వరుసలో చివరనున్న ఆమెకు ఒకవైపే మనిషి ఉంటుంది; అక్కడ నిలబడినప్పుడు ఆట నాకు వేరుగా, కొంచెం వెలితిగా ఉంటుంది. ఏం పంచుకుంటామో చెప్పడం నాకు చేతకాదు కాని, ఎక్కడ నిలబడ్డామన్న దాన్నిబట్టి అది మారుతుందన్న మాష్టారు మాట నిజమే.

తరంగిణి_బెర్లిన్

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరి అనుభవం ఒకటే అయితేనే పంచుకున్నట్లు అన్న ఊహతో నేను ప్రశ్న అడిగాను. ఆ ఊహ అవసరం లేదని మీ సమాధానాల వల్ల నాకు స్పష్టమైంది. పాత్రలు మార్చుకోవడం గురించి మాత్రం ఒక సందేహం. కూచిపూడిలో ఆడవేషాలు మగవారే కట్టిన పరంపర ఉన్నది; వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ గురించి మా గురువుగారు ఎంతో చెప్పేవారు. కాని అక్కడ నటుడు తన ఒంట్లోకి తెచ్చుకునేది ఒక పాత్ర స్వభావాన్ని. ఎదుట నిలబడిన మనిషి తూకం ఎటు ఒరుగుతున్నదో తెలుసుకోవడం దానికంటే వేరైన విద్య అని ఇప్పుడు అనిపిస్తున్నది. వచ్చే సాధనలో నన్ను నడిపించనిమ్మని మా మిత్రుణ్ణి అడిగాను, ఒప్పుకున్నాడు. గదిని గుర్తుంచుకునే పని నాకు ఎంతవరకు చేతనవుతుందో చూడాలి.

మాష్టారు గారూ, మీరు నేర్పేటప్పుడు లోపలి వలయంలోనివారినీ బయటివారినీ మారుస్తుంటారా, లేక ఎవరి చోటు వారిదేనా?

జడకోపు_మాష్టారు

మారుస్తానమ్మా, కాని మామూలు కోలాటంలో మాత్రమే. కోపు చేతికి వచ్చిన తరువాత లోపలివారిని బయటకు పంపి అదే పాట మళ్ళీ మొదటి నుంచి ఆడిస్తాను. మొదట్లో గోల చేస్తారు, నేర్చుకున్నదంతా పోయిందంటారు. రెండు వైపులా ఆడినవారే తరువాత కొత్తవారికి ఎదురు నిలబడటానికి పనికివస్తారు. జడకోలాటంలో ప్రదర్శన దగ్గరపడ్డాక మార్చను, ఎవరి తాడు వారిదే. మీరు నడిపించేటప్పుడు మొదట వేగం తక్కువగా ఉన్న పాట పెట్టించుకోండి. చుట్టూ జనం లేని వేళ చూసుకోండి.